కడిగిన ఆకు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క గురించి నాన్నగారు నన్ను ఒక మాట అడిగారు. "ఆకు కడిగిందా?" అని. నేను చూడలేదని చెప్పాను. నిజానికి చూశాను. ఆ ఆకు కడగడానికి బోరింగు కొట్టింది నేనే. అప్పుడు దాచిన ఆ సంగతి తర్వాత చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అక్కడున్న వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్న కొద్దిమందీ జరిగినదాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ తప్పు నా వల్ల వచ్చింది కాబట్టి దిద్దవలసింది కూడా నేనే.

మా ఊరు గణపవరం దాటాక కొల్లేటి వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. వరి పొలాలు ఒక్కొక్కటే చేపల చెరువులుగా మారుతున్న రోజులవి. మా నాన్నగారు కూడా ఇంటికి దగ్గరగా ఉన్న చేను తవ్వించి బొచ్చె, శీలావతి చేపపిల్లలు వేశారు. గట్టు మీద తాటాకు పాక, పాకలో తవుడు బస్తాలు, వలలు, మందు డబ్బాలు. కాపలాకి ఒక నల్ల కుక్క ఉండేది. కర్రి అనేవాళ్ళం. నీటికాకుల్ని చెరువు మీద వాలనిచ్చేది కాదు. కొత్తవాళ్ళు గట్టెక్కితే మోకాళ్ళ దాకా వచ్చి నిలబడి అరిచేది, కరిచేది మాత్రం కాదు.

కర్రి మాదే అయినా దాన్ని చూసుకున్నది పక్కింటి అక్క. పదో తరగతి అయ్యాక చదువు మానిపించారు. మధ్యాహ్నం వంట ముగించి, మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి గట్టు మీదికి తెచ్చేది. అన్నం పెట్టేముందు కుక్కని ఒకసారి చూసుకునేది. ఆ చూడడం ఎలాగో నాకూ నేర్పింది. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడాలి. ఎర్రజామ గుజ్జు రంగులో ఉంటే మంచిదే. తెల్లబోయి ఉంటే ఒంట్లో రక్తం తగ్గిందని అర్థం, గోమార్లు పట్టి పీలుస్తున్నాయేమో వెతకాలి. మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదలాలి. వెంటనే సర్దుకోవాలి. ముడత అలాగే నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గింది. చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడాలి. పులిసిన గంజి కంపు కొడితే లోపల పుండు పడుతున్నట్టు. విరేచనాలైతే ఒక పూట అన్నం ఆపాలి గాని నీళ్ళు ఆపకూడదు. తర్వాత మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెట్టాలి. మనం జ్వరానికి మింగే మాత్రలు దానికి వేయకూడదు. మర్నాటికీ తేరుకోకపోతే ఇంట్లో ప్రయోగాలు కట్టిపెట్టి పశువుల ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ ఆమెకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. కొన్ని పొరపాట్లు చేసి నేర్చుకున్నానని తనే చెప్పింది. ఒకసారి గోమారిని చేత్తో నలిపి లాగితే తల లోపలే ఉండిపోయి అక్కడ చీము పట్టిందట. అప్పటినుంచి చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా తిన్నగా లాగి, కిరసనాయిలు పోసిన చిప్పలో వేసేది. "రోజూ చూస్తేనే రా తెలిసేది. బాగున్నప్పుడు ఎలా ఉందో తెలియకపోతే, బాగోలేనప్పుడు ఏం తెలుస్తుంది?" అనేది.

ఊళ్ళో ఆమెకి హస్తవాసి ఉందని పేరు. దూడకి కడుపుబ్బినా, కుక్క కుంటినా పిలిచేవాళ్ళు. అరుగు మీద కూర్చునే తాతగారొకాయన వేళాకోళం ఆడేవారు. "ఏమ్మా డాక్టరమ్మా, మా ముసలిదాని చెవి కూడా చూస్తావేంటి?" అంటే, "చూస్తానండి, కరవకుండా మీరు పట్టుకుంటే" అని నడిచిపోయేది. ఆయన రోజంతా ఆ మాట పదిమందికి చెప్పుకుని నవ్వుకునేవారు. ఆమె మొహం అప్పట్లో ఎప్పుడూ ఏదో పని మీద వెళుతున్న మనిషి మొహంలా ఉండేది.

ఆ వేసవిలో కర్రికి గోమార్లు విపరీతంగా పట్టాయి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడ కింద గుత్తులు గుత్తులుగా. అక్క కొన్నాళ్ళు ఏరింది. గోకిన చోటల్లా పుండ్లయితే ఒక ఉదయం వేపాకు పసరు రాద్దామంది. మా చెరువు గట్టు చివర, వరిచేను పక్కనే ఒక వేపచెట్టు ఉంది. ఆ చేలో అంతకుముందే పురుగుమందు కొట్టారు. అది ఆమెకి తెలుసు. అందుకే ఆకు కోసి తిన్నగా బోరింగు దగ్గరికి తెచ్చింది. నన్ను కొట్టమంది. ఆకంతా బిందెలో ముంచి కడిగి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొట్టమని ఇంకో బిందెడు నీళ్ళలో కడిగింది. నాకు చేతులు నొప్పెట్టి విసుక్కున్నాను కూడా. తర్వాత నూరి, పసుపు కలిపి కర్రికి రాసింది. మిగిలిన గోమార్లు రోజూ కాసిన్ని ఏరమని నాకు పని చెప్పి వెళ్ళింది.

ఆ పూటే మొదలుపెట్టాను గాని నాకు ఏరే ఓపిక లేదు. ఎండలో కూర్చుని, కదిలే కుక్కని పట్టుకుని ఒక్కొక్కటీ లాగడం విసుగ్గా ఉంది. మా చెరువులో చేపలకి పేను పడితే మందు చల్లడం చూశాను. చేప ఒంటిని పట్టుకుని ఉండే ఆ పేను మందు తగిలితే రాలిపోయేది. చేప పేను చచ్చిన మందుకి గోమారి చావదా అనిపించింది. మా చెరువుల ఊళ్ళో పెరిగిన పిల్లాడికి తప్ప ఈ ఆలోచన రాదేమో. పాకలో డబ్బాలు ముట్టుకోవద్దని నాన్నగారు గట్టిగా చెప్పారు. అయినా ఒక డబ్బా తీసి, మూతలో వంపి, నీళ్ళు కలిపి, గుడ్డతో కర్రి ఒళ్ళంతా రుద్దాను.

గోమార్లు రాలాయి. నాకు చాలా సంతోషం వేసింది. అక్క వస్తే చూపించాలని రాలినవన్నీ చిప్పలో పోగుచేశాను. ఈలోగా కర్రి తన ఒళ్ళు తాను నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి నోటి వెంట చొంగ తీగలు తీగలుగా కారింది. వెనక కాళ్ళు వణికాయి. లేవబోయి పడింది. నేను గుడ్డ చెరువులోకి విసిరేసి, డబ్బా చోట డబ్బా పెట్టేశాను. అంత భయంలోనూ ఆ పని మాత్రం మర్చిపోలేదు.

అక్క అన్నం గిన్నెతో వచ్చి చూసింది. చూస్తూనే గిన్నె కింద పెట్టి, బట్టల సబ్బు తెమ్మని నన్ను పరిగెత్తించింది. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని బోరింగు కింద దాన్ని కడిగింది, మళ్ళీ మళ్ళీ కడిగింది. మందు కంపు ఆమెకి తెలియలేదా అని తర్వాత అనుకున్నాను. ఆ పాక చుట్టూ ఎప్పుడూ అదే కంపు. "నువ్వేమైనా రాశావా, పెట్టావా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె నమ్మింది.

నాన్నగారు కర్రిని రిక్షాలో వేయించి గణపవరం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కా, నేనూ కూడా వెళ్ళాం. డాక్టరు గారు దాని కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం చూసి పురుగుమందు పడిందన్నారు. సూది వేశారు. సబ్బుతో కడిగి వెంటనే తీసుకురాబట్టి ప్రాణం నిలిచిందని కూడా అన్నారు. తర్వాత, ఒంటికి ఏం రాశారని అడిగారు. అక్క వేపాకు పసరని చెప్పింది. ఆకు ఎక్కడిదని అడిగితే ఆ చెట్టు సంగతీ, పక్క చేలో మందు కొట్టిన సంగతీ తనే దాచకుండా చెప్పింది. "కానీ కడిగానండి" అంది.

నాన్నగారు నా వైపు తిరిగి "ఆకు కడిగిందా?" అని అడిగారు. అక్క కూడా నా వైపే చూసింది. ఆమె చూపులో భయం లేదు. నేను అవుననే అంటానని ఆమెకి నమ్మకం. అవునంటే తర్వాతి ప్రశ్న నాకు ఎదురవుతుందని నాకు తెలిసిపోయింది. ఆకు కాకపోతే మరేమిటి అని అడుగుతారు.

"నేను చూడలేదండి నాన్నగారూ" అన్నాను.

కర్రి బతికింది. సబ్బుతో కడిగి బతికించింది ఎవరో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. మందు కొట్టిన చెట్టు ఆకు కడగకుండా రాసిందన్న మాట మిగిలింది. అరుగు మీది తాతగారికి కొత్త వేళాకోళం దొరికింది. అక్క తోటకూర కట్ట పట్టుకుని వెళుతున్నా, "ఆకు కడిగావా అమ్మా?" అనేవారు. ఆయన చెడ్డవారు కాదు, నవ్వుకే అనేవారు. ఆ మాట పిల్లలకీ పాకింది. నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అక్కని మా గట్టు మీదికి రావద్దని నాన్నగారు అనలేదు. ఆమే మానేసింది. కర్రి మధ్యాహ్నమయ్యేసరికి వాళ్ళింటికి పోయేది. అక్క అన్నం గోడ పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. పెదవి ఎత్తేది కాదు, చెవి చూసేది కాదు. దూడకి కడుపుబ్బిందని ఎవరో పిలిస్తే, తనకేం తెలియదని చెప్పి పంపేసిందట. కొన్నాళ్ళకి పిలవడం కూడా మానేశారు. ఆమెకి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరి వెళ్ళిపోయింది.

ఆమె నేర్పినది మాత్రం నాతో ఉండిపోయింది. నేను ఏలూరులో ఉద్యోగం చేసుకుంటూ స్థిరపడ్డాను. ఇంట్లో వీధి నుంచి వచ్చి చేరిన కుక్క ఒకటుంది. రోజూ దానికి అన్నం పెట్టేముందు చిగుళ్ళు చూస్తాను, చర్మం పట్టి వదులుతాను, చెవి వాసన చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. ఈమధ్య వానలు పడ్డాక అది అన్నం దగ్గర నిలబడింది గాని తినలేదు. పెదవి ఎత్తితే చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి. చెవి మడతలో గోమారి ఉంది. నేనేమీ రాయలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం పరీక్ష చేసి గోమార్ల వల్ల వచ్చే జ్వరమన్నారు. త్వరగా తెచ్చారు, తగ్గిపోతుందన్నారు. మందులు రాస్తూ ఆ డాక్టరు కుర్రాడు, "చిగుళ్ళు చూడమని ఎవరు చెప్పారండి మీకు?" అని అడిగాడు.

"మా పక్కింటి అక్క" అన్నాను. ఆ మాట నా నోటితో అని ఎన్నేళ్ళయిందో నాకే తెలియలేదు. కుక్క తేరుకున్నాక, సెలవు రోజు చూసుకుని గూడెం బస్సెక్కాను.

అక్క వాళ్ళాయనకి మార్కెట్ దగ్గర ఉల్లిపాయల కొట్టు. ఇల్లు ఆ వెనక సందులో. గుర్తుపట్టి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. మనవడు తెచ్చుకున్న కుక్కపిల్ల ఒకటి వాకిట్లో ఉంది. మాటిమాటికీ తల విదిలించుకుంటోంది.

"దాని కుడి చెవి బాగోలేదురా. చెబుతుంటే మావాడు వినిపించుకోడు" అంది అక్క, కుర్చీలోంచి లేవకుండా.

నువ్వు చూడొచ్చు కదా అన్నాను.

"నేను ముట్టుకోను. నా చెయ్యి వాటికి పడదు."

అప్పుడు చెప్పాను. డబ్బా దగ్గర్నుంచి గుడ్డ చెరువులోకి విసిరినదాకా, నాన్నగారి ప్రశ్నా, నా జవాబూ అన్నీ. అక్క తన కాఫీ గ్లాసు పట్టుకుని చివరిదాకా వింది. నేను ముగించాక కుక్కపిల్ల వైపు చూసింది.

"అయితే నేను కడిగానా?" అంది.

"కడిగావక్కా. ఒకసారి కాదు, నీళ్ళు పారబోసి మళ్ళీ కొట్టించావు."

"నాకలాగే గుర్తుండేది. అందరూ అంటుంటే కడగలేదేమో అనుకున్నాను. తోటకూర కడిగినప్పుడల్లా అనుకునేదాన్ని." గ్లాసు కింద పెట్టింది. "చిన్నపిల్లాడివి, భయపడ్డావు. అది సరే. పెద్దయ్యాకేం వచ్చిందిరా నీకు?"

పర్వాలేదని ఆమె అనలేదు. లేచి వాకిట్లోకి వెళ్ళి, కుక్కపిల్లని దగ్గరికి పిలిచింది. అది వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది. ముట్టుకోబోయి ఆగి, కుళాయి దగ్గరికి నడిచి రెండు చేతులూ చాపింది. తిప్పమంది. తిప్పాను. ఆమె సబ్బు రుద్దుకుని చేతులు కడుక్కుంటుంటే ఆ నీళ్ళ చప్పుడులోనే అన్నాను. "ఆ రోజు నాన్నగారు అడిగినప్పుడు నువ్వు కడగడం చూశానని చెప్పాల్సిందక్కా. చూశాను. నన్ను క్షమించు."