బావ మోసిన బస్తా

మా అంబాసిడర్ మొదటి పందెం గెలిచింది నా పనితనం వల్ల కాదు, మా బావ చెవి వల్ల. ఈ ఒక్క మాట ఒప్పుకోలేక నేను ఎంత నీచానికి దిగానో చెప్తాను.

అవి ఎనభైల చివరి ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్‌ని. మిల్లు యజమాని తుక్కు కింద తోసెయ్యబోయిన కారును నేను తీసుకున్నాను. ఆరు నెలలు దాని కిందే పడుకున్నాను. సిలిండర్ హెడ్డు సూర్యాపేటలో లేత్ మీద పల్చగా చెక్కించాను, వెనక సీటు పీకేశాను, బంపర్లు విప్పేశాను. ఎన్ని చేసినా అది పరుగెత్తేది కాదు, ఆయాసపడేది.

మా అక్క భర్తది కోదాడ. పాత పద్మిని కారు ఒకటి సొంతంగా టాక్సీకి తిప్పేవాడు. ఒకరోజు, నేను కారు పెట్టుకున్న సూర్యాపేట షెడ్డుకొచ్చి, నలుగురు మెకానిక్కుల ముందు నా బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

“ట్యాపెట్లు ఏడుస్తున్నాయి బామ్మర్దీ. టైమింగు కూడా తప్పింది. ఆ స్పానర్ ఇటివ్వు.”

పావుగంటలో ఇంజను గొంతే మారిపోయింది. “ఆరు నెలలు దాని కింద పండి ఏం జేసినవ్‌రా, గురక పెట్టినవా?” అని షెడ్డు ముసలాయన అంటే అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. చేతులు తుడుచుకుని చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన నవ్వి ఉంటే నాకు అంత మండేది కాదు.

మా పందెం రెండు ఫర్లాంగులే. తువ్వాలు కింద పడగానే నిలబడ్డ చోటి నుంచి రెండు కార్లు లేవాలి, రెండో ఫర్లాంగు రాయి ముందు దాటినవాడు గెలిచినట్టు. బియ్యం మధ్య బతికే వాళ్లం కాబట్టి మాకో కట్టుబాటుండేది. ఒకసారి గెలిచిన కారు, తర్వాతి పందెంలో డెబ్బై ఐదు కిలోల బియ్యం బస్తా డిక్కీలో మొయ్యాలి. అయినా మళ్లీ గెలిస్తే ఆ బస్తా ఓడినవాడికి. వాడే దాన్ని భుజానికెత్తుకుని తన కారులో వేసుకోవాలి, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆ తర్వాత ఓడిన కారును ఎడ్లకు కట్టి ఊళ్లోకి లాక్కుపోతారు.

బావ సరిచేసిన ఇంజనుతో సూర్యాపేట బయట ఒక పందెం గెలిచాను. గెలిచినా ఆ షెడ్డులో నవ్వు చెవిలోనే ఉంది. నేరుగా కోదాడ టాక్సీ స్టాండుకు పోయాను. బావ కారులో పెళ్లివాళ్లు ఎక్కుతున్నారు.

“జర సూసుకొని ఎక్కుండ్రి. ఈ డొక్కుల పోతే మీరు పొయ్యేటాళ్లకు పెండ్లిపిల్లకు పురుడొస్తది,” అన్నాను.

స్టాండంతా ఘొల్లుమంది. బావ ముఖం నల్లబడింది. “రెండు ఫర్లాంగులేగా, రా చూసుకుందాం,” అన్నాడు. పందెం ఇక్కడే, కోదాడలోనే అని పట్టుబట్టాను. సొంత ఊళ్లో ఎడ్లు లాగిన టాక్సీని మళ్లీ ఎవరూ పిలవరు. ఆయన ఇల్లు ఆ కారు మీదే నడుస్తోంది. ఇవన్నీ నాకు తెలుసు, తెలిసే పట్టుబట్టాను. అక్క వద్దని మొత్తుకుందట. ఆయన వినలేదు.

బస్తా మోస్తే నా కారు పద్మినితో ఆగదు. అందుకే పందెం ముందురోజు మధ్యాహ్నం మిల్లులో అందరూ అన్నాలకు పోయినప్పుడు, ముద్ర ఉన్న గోనెలో ఊక బయటికి రాలకుండా ఇంకో గోనె దోపి, నిండా ఊక కూరాను. మూతి నేనే కుట్టాను. మా నాన్న హమాలీ. అమ్మా అక్కా చినిగిన గోనెలు కుట్టేవాళ్లు, నాకు దబ్బనం పట్టడం నేర్పింది అక్కే. నాది ఎడమచెయ్యి. నా కుట్టు వంకరగా ఎడమకు వాలుతుందని చిన్నప్పుడు నెత్తిన మొట్టేది.

పందెం హుజూర్‌నగర్ రోడ్డు మీద, ఎండాకాలం పొద్దున. తీర్పరి స్టాండులో పెద్ద డ్రైవర్. డిక్కీ తెరిచి ముద్ర చూశాడు, కుట్టు చూశాడు, మూసేశాడు. మిల్లుల పక్కన బతికేవాళ్లు కుట్టిన బస్తాను ఎత్తి చూడరు. నేను నమ్ముకున్నది దాన్నే.

తువ్వాలు పడింది. మొదటి ఫర్లాంగు రాయి దగ్గర పద్మినే ముందుంది. మూడో గేరులో నా ఇంజను అందుకుంది, బావ సరిచేసిన ఇంజను. బానెట్టంత తేడాతో నేను గెలిచాను. గురువుకే పంగనామం పెట్టాను, కేక వేశాను కూడా.

ఇక బస్తా ఎత్తాలి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, దాన్ని ఎత్తేది బావే అని. గెలవడం గురించే ఆలోచించినవాణ్ణి, గెలిచాక సంగతి ఆలోచించలేదు. బావ డిక్కీలోకి వంగి బస్తా మీద రెండు చేతులూ వేశాడు. ఒక్క క్షణం ఆగాడు. తల తిప్పి నావైపు చూడలేదు.

తర్వాత మోకాళ్లు వంచి, పళ్లు బిగించి, మూలుగుతూ దాన్ని భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి తూలాడు, ఆగాడు, మళ్లీ తూలాడు. నిజంగా డెబ్బై ఐదు కిలోలు మోసినట్టే మోశాడు. “వీడిది దొంగబస్తా” అని ఒక్క మాట అంటే ఆ రోడ్డు మీదే నన్ను తన్నేవాళ్లు. పెళ్లాం తమ్ముణ్ణి పదిమందిలో దొంగను చెయ్యలేక ఆయన కూలివాడిలా తూలాడు. జనం నవ్వారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణంతో నేనేం చేశానంటే, అందరికంటే గట్టిగా అరిచాను: “ఏం బావా, నడుం ఇరిగిందా? అక్కను పిల్వాల్నా?”

ఎడ్లను, డప్పును ముందే మాట్లాడి పెట్టాను. స్టీరింగ్ పట్టుకుని బావ లోపల కూర్చున్నాడు. ముందు ఎడ్లు, పక్కన డప్పు, వెనక నేను హారన్ కొట్టుకుంటూ. బజారంతా తిప్పాను. వాళ్ల వీధి తప్పించవచ్చు, తప్పించలేదు. అక్క గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయింది.

ఆ కారుకు ‘ఎడ్ల టాక్సీ’ అని పేరు పడింది. పెళ్లివాళ్లు పిలవడం మానేశారు. పిల్లలు వెనకబడి హోయ్ హోయ్ అని అదిలించేవారు. వానలు పడేలోపే బావ దాన్ని అమ్మేసి, మిర్యాలగూడలో ఎవరిదో లారీకి డ్రైవరుగా చేరాడు.

ఆ వానాకాలంలోనే ఒకసారి వాళ్లింటికి పోయాను. బావ ఇంట్లోనే ఉన్నాడు. “రా బామ్మర్దీ, నీ ట్యాపెట్లు ఎలా ఉన్నాయి?” అని ఎప్పటిలాగే పలకరించి, స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోయాను. చూరు కింద, కట్టెలు తడిసిన రోజున వెలిగించే ఊక పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్కనే సగం ఖాళీ అయిన గోనె. నేను మూతి కుట్టిన తాడును అక్క పారెయ్యలేదు. గోనె అంచుకు అలాగే వేలాడుతోంది.

అక్క నా వెనకే వచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది: “మీ బావ నాకు ఏం జెప్పలే. బియ్యం హోటలోళ్లకు ఇచ్చిండంట, పొయ్యిలకు ఊక తెచ్చిండంట. నేను నమ్మినట్టే ఉన్న. గా ఎడమచేతి కుట్టు ఎవరిదో నాకు తెల్వదా తమ్మీ?”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

“ఆయన కారు పోయె. నా తమ్ముడు మంచోడన్న మాటొక్కటే నా కోసం దాచిపెట్టిండు. గది గూడ చెడగొట్టకు. నడువ్, ఆయన పక్కన కూసొని తిను.”

బావ పక్కనే కూర్చున్నాను. ఆయన కొత్త లారీ ఇంజను గురించి చెప్తున్నాడు. అక్క నా కంచంలో అన్నం కుప్పగా వేసింది. అయిపోయాక మళ్లీ వేసింది. చాలన్నాను. ఆమె వినలేదు.

“ఇంక జర తిను తమ్మీ,” అంది బావకు వినపడేలా. “నువ్విచ్చిన బస్తా ఇంక సగం ఉన్నది.”