నాగేంద్రమ్మ నొసటి బొట్టు

కర్నూలు పాత బజారులో వీరభద్రయ్య కొట్లో చీర కొన్నవాళ్ళకు ఆ చీర గుర్తుంటుందో లేదో గానీ, ఆయన భార్య నాగేంద్రమ్మ నొసలు మాత్రం గుర్తుండిపోతుంది. కనుబొమల నడుమ రెండు నిలువు గీతలు, నామం పెట్టినట్టు. పుట్టుకతో వచ్చినవా అవి? చీరలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా చేతులు దులుపుకుని లేచిపోయే మహాతల్లుల్ని పాతికేళ్ళు చూసీ చూసీ పడ్డ గీతలు.

రెండువేల ఎనిమిదిలో అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడవాళ్ళకని కొత్త షోరూం కట్టారు. గాజు తలుపులు, ఏసీ, ఆ హంగే వేరు. దాని గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలని మాట వచ్చింది. పెద్దకోడలు బతికుండగా ఆ మాట రావడమే తప్పు. కానీ మరిది వాసుదేవ్ అన్నం కలుపుకుంటూ అననే అన్నాడు.

"వదిన కూచుంటే వచ్చిన బేరం గడపలోనే ఎనక్కి తిరుగుతాదన్నా. ఆ మొగం సూడు, ఎప్పుడూ కొట్లాటకు కూచున్నట్టే ఉంటాది."

పక్కన మజ్జిగ పోస్తున్న అతని పెళ్ళాం నాగశ్రీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని పెద్దలు ఊరికే అన్నారా? నలభై దాటినా నాగశ్రీ నొసటి మీద ఒక్క ముడత లేదు. ముదనష్టపుది, ఏం తిని పెంచిందో ఆ నొసలు! నాగేంద్రమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. కొట్టు మునిగిపోయే రోజుల్లో పచ్చి బాలింతగా వచ్చి గద్దె మీద కూర్చున్నది తను. ఇప్పుడు ఏసీ గాలికి, పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చునేది ఇదా?

మంత్రాలయం పోతున్నామని ఇంట్లో చెప్పి, మొగుణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కింది. రాఘవేంద్రస్వామి ఏమనుకున్నాడో ఏమో. అక్కడి డాక్టరమ్మ కనుబొమల నడుమ గీతలు పోయే మందు సూదులు వేసి, జాగ్రత్తలు చెప్పింది.

"నాలుగు గంటలు పడుకోవద్దమ్మా. ఎండకూ పొయ్యి సెగకూ దూరంగా ఉండండి. మొహం మెల్లగా కడిగి, మెత్తని గుడ్డ ఆనించి తీయండి, తుడవొద్దు. ముఖ్యంగా సూది వేసిన చోట రుద్దొద్దు, ఒత్తొద్దు. మందు పక్కకు జారితే రెప్ప వాలుతుంది."

కర్నూలు దాకా నాగేంద్రమ్మ తల సీటుకు ఆనించలేదు. కునుకుతూ భుజం మీద వాలుతున్న మొగుణ్ణి మోచేత్తో పొడుస్తూనే ఉంది.

"ఏం పంతమే నీది? రవ్వంత నిద్రపోరాదా?"

"ఊరుకోండి. మీ తమ్ముని నోటికి తాళమేసేదానికే ఈ పాట్లన్నీ."

మర్నాడే వరలక్ష్మీ శుక్రవారం. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆ రోజు తోడికోడళ్ళు ఒకరి నొసట ఒకరు మైనం అద్ది, దాని మీద కుంకుమ నొక్కి రూపాయి బిళ్ళంత బొట్టు తీర్చాలి. అత్త పోయినా అత్త పెట్టిన ఆచారం పోలేదు. నాగేంద్రమ్మ ముందుజాగ్రత్తగా నొసట చిన్న స్టిక్కరు ఆనించి, పేరంటంలో ఒక మూల కూర్చుంది. నాగశ్రీ కుంకుమ భరిణె పట్టుకుని నేరుగా ఆ మూలకే వచ్చింది. ఒక్క క్షణం ఆ నొసటి వంక తేరిపార చూసింది.

"ఏందక్కా, వరలక్ష్మి పూట స్టిక్కరా?"

"తలనొప్పిగా ఉండాది. తాకొద్దు."

"బొట్టుకు పోతాది లే, అక్కా."

ముత్తైదువలంతా ఇటే చూస్తున్నారు. బొట్టు పెట్టబోతే తల తిప్పుకునే ముత్తైదువ ఎక్కడన్నా ఉంటుందా? నాగశ్రీ స్టిక్కరు పీకింది. మైనం అద్దింది. బొటనవేలితో నొక్కింది. నొక్కి ఊరుకుందా, కుడి కనుబొమ వైపు రుద్దింది. వంకరొచ్చిందని తుడిచేసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ రుద్దింది. రోట్లో గోంగూర కూడా అంత కసిగా నూరరు.

పేరంటం ముగియగానే నాగేంద్రమ్మ మొగుడి మీద పడింది. "మీరే చెప్పింటారు దానికి!"

"స్వామి తోడు, నేను నోరిప్పలేదే!"

"మరి దానికెట్ల తెలిసె?"

వీరభద్రయ్య కండువా భుజాన వేసుకుని కొట్టుకు బయల్దేరాడు.

వారం తిరిగేసరికి గీతలు మాయమయ్యాయి. వాటితో పాటే కుడి రెప్ప సగానికి వాలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. డాక్టరమ్మకు ఫోను చేస్తే, దానంతటదే సర్దుకుంటుంది, కొన్ని వారాలు ఓపిక పట్టండి అంది. ఓపికట! షోరూం తెరిచేది ఎల్లుండి.

"వదినకు కన్ను బాగలేదు గదన్నా, నాగశ్రీ కూచుంటాది లే," అన్నాడు వాసుదేవ్. వీరభద్రయ్య నేల చూపులు చూశాడు. నాగేంద్రమ్మ ఇద్దరినీ ఉరిమి చూద్దామనుకుంది. కనుబొమలు కదిలితేనా! లోపల కుతకుతా ఉడికిపోతున్నా ఆ మొహం మీద మాత్రం ఏమీ లేదు.

తెరిచే రోజు గల్లా దగ్గర మొదట కూర్చునేవాళ్ళకు ఇంటి పెద్ద ముత్తైదువే బొట్టు పెట్టాలి. గుండె మండుతున్నా నాగేంద్రమ్మ మైనం చేతిలోకి తీసుకుంది. వేలు నొసటిని తాకీ తాకకముందే నాగశ్రీ తల చటుక్కున వెనక్కి పోయింది.

"మెల్లగా అక్కా... అదమొద్దు. తలనొప్పిగా ఉండాది."

నాగేంద్రమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. కొత్త లైట్ల వెలుతురులో, పౌడరు కింద, నాగశ్రీ కనుబొమల నడుమ సన్నని ఎర్ర చుక్కలు కనిపించాయి. తల్లికి బాగలేదని బద్వేలు వెళ్ళి నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది కదూ ఈ మహాతల్లి! పోయింది బద్వేలు కాదు, బద్వేలు పేరు చెప్పి సూదులకు. తను ఏళ్ళ తరబడి చూసి కుళ్ళుకున్న ఆ నొసలు దేవుడిచ్చింది కాదు. ఒత్తొద్దన్న మాట ఇదీ ఎప్పుడో విన్నదే. అందుకే ఆ రోజు స్టిక్కరు చూడగానే దానికి అంతా తెలిసిపోయింది.

"బొట్టుకు పోతాది లే," అంది నాగేంద్రమ్మ. "కదలొద్దు నాగశ్రీ, అందరూ సూస్తాండారు."

ఎడమ చేత్తో నాగశ్రీ తల వెనక పట్టుకుని, బొటనవేలు బలంగా నొక్కింది. కుడికి రుద్దింది. వంకరొచ్చిందని తుడిచింది. మళ్ళీ పెట్టింది. ఈసారి ఎడమకు కూడా రుద్దింది, ఏ కన్నుకూ అన్యాయం జరగకుండా. నాగశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరు కూర్చోవాలన్న మాట వారం ఆగి మళ్ళీ మాట్లాడుకోవచ్చు.

అప్పుడే ఫోటో తీశారు. ఇప్పటికీ షోరూంలో గల్లా పైన ఉంది ఆ ఫోటో. అందులో పెద్దకోడలు చిన్నకోడలికి బొట్టు పెడుతూ ఉంటుంది, మొహం మీద ఒక్క గీత లేకుండా.