కోటేశ్వరమ్మ వేళ్లకు మంట తెలిసిన రోజు

ఓ పదేళ్ల కిందటి మాట. నరసరావుపేటలో నేను ఫిజియోథెరపిస్టుగా చేరిన క్లినిక్‌లో రెండు బల్లలు, ఒక నిలువుటద్దం, కిర్రుమనే ఫ్యాను తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడు మిషన్లు చాలానే వచ్చాయి. అయినా ఆ పాత గది తలుచుకుంటే నాకు ముందు మిరపకాయల ఘాటే గుర్తొస్తుంది. ఆ ఘాటు కోటేశ్వరమ్మ పిన్నిది.

గురజాల దగ్గర పల్లె ఆమెది. భర్త వెంకయ్యతో కలిసి మిరప వేసేది. స్ట్రోక్ వచ్చి, అంటే మెదడులో ఒకచోటికి రక్తం అందక, కుడిచెయ్యి పడిపోయింది. కొన్ని నెలలకు భుజం, మోచెయ్యి కాస్త కదిలాయి గానీ వేళ్లు మొద్దుబారే ఉన్నాయి. గిల్లినా తెలిసేది కాదు. ఆమె దిగులంతా ఒక్కటే, తన చేత్తో తాను అన్నం తినలేకపోతున్నానని.

“ఎడమ చేత్తో స్పూను పట్టుకోవచ్చుగా పిన్నీ?” అన్నాను.

“పస్తన్నా ఉంటా గానీ ఆ చేత్తో తిననమ్మాయ్. మా ఆయన పెడతన్నాడుగా.”

వెంకయ్య బాబాయ్‌కి అదో మురిపెం. ముద్ద పెట్టడం, నీళ్లు తాగించడం, జారిన కొంగు సర్దడం అన్నీ ఆయనే. చూడముచ్చటగానే ఉండేది, కానీ నాకు ఒళ్లు మండేది. దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులో మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. దీన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటాం. కాలవ పూడితే పక్క బోదెలోంచి నీళ్లు మళ్లించుకున్నట్టు. ఆ చేతికి పని చెబితేనే కొత్త దారి పడుతుంది. పనంతా బాబాయే చేసేస్తుంటే మెదడుకు నేర్చుకునే అవసరమేముంది?

ప్లాస్టిక్ గ్లాసులు ఒకదానిమీద ఒకటి పెట్టమన్నాను. పిన్ని మొహం తిప్పుకుంది.

“ఏందమ్మాయ్ ఈ ఆటలు? నేనేమన్నా పలకాబలపం పిల్లనా?”

“మరి ఈ రోజుల్లో ఇంటి దగ్గరైతే ఏం చేస్తుండేదానివి?”

“కల్లంలో కూచోని తాలుకాయలు ఏరేదాన్ని.”

రంగు పోయిన మిరపకాయల్ని తాలుకాయలంటారు. మంచి కాయల్లోంచి వాటిని ఏరి పక్కన వేస్తారు. సరే, గుప్పెడు కాయలు తెమ్మన్నాను. బాబాయ్ గోతం తెచ్చాడు. గదిలో అందరికీ ఒకటే తుమ్ములు. పెద్ద డాక్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, “ఇది క్లినిక్కా, మిర్చి యార్డా?” అని కేకలేశారు. దుకాణం వరండాలోకి మార్చాం.

పిన్ని ఎడమచేతికి తువాలు చుట్టేదాన్ని. బాగున్న చేతిని కట్టేసి, బాగాలేని చేత్తోనే పని చేయించడం కన్‌స్ట్రెయింట్ థెరపీ. కుడిచెయ్యి కంటి దగ్గరికి పోనివ్వొద్దని పదేపదే చెప్పేదాన్ని. పట్టుకున్న కాయ పట్టుకున్నట్టే జారిపోయేది. “ఏమే, కూలి తీసుకోని కునుకు తీస్తన్నావా?” అని పిన్ని తన చేతినే తిట్టేది. బాబాయ్ సాయం చేయబోతే నేను టీకి తరిమేదాన్ని. వారాలు గడిచేకొద్దీ కాయలు జారడం తగ్గింది.

ఒక మధ్యాహ్నం వరండాలోంచి గావుకేక. “అమ్మాయ్! మంట!”

కంట్లో పెట్టుకుందేమోనని పరిగెత్తాను.

“కన్ను కాదే పిచ్చిదానా, వేళ్లు! నా కుడిచేతి వేళ్లు చానా మండతన్నయ్యే!”

నవ్వుతోంది, ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. ఎవరన్నా అడిగితే చెప్పడానికి మిరపకాయలు ఎటూ ఉన్నాయి.

సబ్బుతో చెయ్యి కడిగించి అన్నానికి కూర్చోబెట్టాను. బాబాయ్ అలవాటుగా కలిపి, ముద్ద ఎత్తాడు. పిన్ని కుడిచేత్తోనే ఆయన చేతిని పక్కకు తోసి, గిన్నెలో వేళ్లు పెట్టింది. సగం ఒళ్లో పడింది. మిగతా సగం నోటిదాకా చేరింది.

“అట్టా చూస్తావేందయ్యా? ఆ ముద్ద నువ్వు తిను.”

ఆయన ముద్దను తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

“కారం ఎక్కువైంది,” అన్నాడు కండువాతో కళ్లు తుడుచుకుంటూ.

అది పెరుగన్నం.

చేతికి పని నేర్పడం ఒక ఎత్తు, ప్రేమగా అడ్డొచ్చే చేతుల్ని ఆపడం ఇంకో ఎత్తు అని నాకు తెలిసింది అప్పుడే. ఇప్పటికీ కొత్త పేషెంటు వస్తే, వాళ్ల చేతులు ఇంటి దగ్గర ఏం పని చేసేవో ముందు అడుగుతాను. ఆ తర్వాత వెంట వచ్చినవాళ్లను టీ తాగి రమ్మంటాను.