మూడో గేరు

రేపల్లె నుంచి వస్తూ భట్టిప్రోలు దాటాక, వ్యాను మొదటిసారి మూడో గేరులోంచి దానంతటదే బయటికొచ్చేసింది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోందని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. గేరు రాడ్డు టక్కున న్యూట్రల్‌లోకి వచ్చిపడింది, బండి పట్టు వదిలేసింది. మళ్ళీ వేశాను. మళ్ళీ కాలు తీయగానే అదే వరస. ఇక తెనాలి దాకా ఎడమచేత్తో రాడ్డును అదిమిపట్టుకునే నడిపాను. ఇంటికి చేరేసరికి భుజం నాది కానట్టుంది.

నైటీలు, లంగాలు కుట్టించి బాపట్ల, రేపల్లె వైపు చిన్న కొట్లకు వేయడం నా పని. వ్యాను నడపడం మాత్రం నలభై ఆరో ఏట నేర్చుకున్నాను. అంతకుముందు పదేళ్ళు మా ఆయనే నడిపేవారు. ఆయన మెకానిక్కు, సొంత షెడ్డు ఉండేది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది గానీ కుడిచెయ్యి తేరుకోలేదు. షెడ్డు ఎత్తేశాం.

మర్నాడు బండిని ఏదైనా షెడ్డులో వదులుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మన వాకిట్లోనే విప్పుదాం, నేను చెబుతుంటాను, నువ్వు చెయ్యి అన్నారు. వాదించే ఓపిక ఉంటే వాదించేదాన్నే. ఆ రెండేళ్ళలో దేనికీ నా దగ్గర ఓపిక మిగల్లేదు. సరేనన్నాను.

పొద్దున్నే పక్క సీట్లో కూర్చుని అంగలకుదురు దాకా నడపమన్నారు. కళ్ళు మూసుకుని వింటూ, మూడో గేరులో ఒకసారి గట్టిగా తొక్కమన్నారు, ఒకసారి కాలు తీసేయమన్నారు. తొక్కినంతసేపూ గేరు నిలబడింది. కాలు తీయగానే జారింది. రెండు, నాలుగు బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చాక నన్ను బండి కిందికి దూరి గేర్ బాక్సును మోసే రబ్బర్లు పగిలాయేమో, రాడ్డు కీళ్ళు వదులయ్యాయేమో చూడమన్నారు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. గేర్ ఆయిల్ దింపించి, ఆ ఆయిల్లో ఎడమచేతి వేళ్ళు ముంచి రుద్ది చూశారు. సన్నటి ఇత్తడి పొడి మెరిసింది.

"లోపలే అరుగుతోంది. గేర్ బాక్సు దించాల్సిందే" అన్నారు.

దించడానికి ఒక రోజంతా పట్టింది. వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టు విప్పాను, క్లచ్ కేబుల్ తీశాను, ఇంజనుకు గేర్ బాక్సును పట్టి ఉంచే బోల్టులు ఒక్కొక్కటే వదులుచేశాను. చివరి బోల్టు ఎంతకీ రాలేదు. పానాకు పైపు తొడిగి కాలితో తన్నమన్నారు. వెల్లకిలా పడుకుని తన్నాను. చీరతో కుదరక ఆయన పాత ప్యాంటు వేసుకున్నాను. కళ్ళలో మట్టి, మెడ మీద ఆయిల్. పక్కింటి వెల్డింగు భాయిగారు వచ్చి ఒక పక్క పట్టుకోకపోతే ఆ బరువు నా మీదే పడేది. దాన్ని పాత గోనెపట్టా మీదికి లాగి, అక్కడే గోడకు చేరగిలబడి నిద్రపోయాను. మధ్యాహ్నం అన్నం కూడా వండలేదు. భాయిగారి భార్య పంపిన అన్నం తిన్నాం.

మర్నాడు గేర్ బాక్సు పెట్టె విప్పాం. విప్పిన ప్రతి ముక్కనూ వచ్చిన వరసలోనే పాత చీర మీద పేర్చమన్నారు. గేర్ల పళ్ళను ఆయన వేలితో తడిమి చూశారు, అంచులు అరగలేదన్నారు. స్ప్రింగులూ బాగానే ఉన్నాయి. చివరికి మూడో గేరునూ నాలుగో గేరునూ జరిపే ఫోర్కు తీసిచ్చాను. రెండు వేళ్ళ కొక్కెంలా ఉంటుంది. దాని కొసలు ఒక పక్క కాగితంలా అరిగిపోయాయి. ఆయన దాన్ని వెలుగుకేసి తిప్పి చాలాసేపు చూశారు.

"నడిపేటప్పుడు చెయ్యి రాడ్డు మీదే పెట్టుకుంటావా?"

పెట్టుకుంటానన్నాను.

"అందుకే అరిగింది. చేతి బరువంతా ఫోర్కు మీదే పడుతుంది. గేరు మార్చాక చెయ్యి తీసెయ్యాలి."

ఆయన మామూలుగానే అన్నారు. నాకే తట్టుకోవడం కష్టమైంది. పొద్దున్నే వంట, ఆయన మందులు, చేతి వ్యాయామం, కుట్టుపని అప్పజెప్పడం, అదయ్యాక అరవై కిలోమీటర్లు.

"మరి ఎక్కడ పెట్టుకోమంటారు చెయ్యి? కాసేపు ఎక్కడో ఒకచోట ఆనించుకోవాలి కదండీ" అన్నాను. గొంతు పెద్దది చెయ్యలేదు. చేతులు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారి కాఫీ తెచ్చేసరికి ఆయన వాకిట్లో ఆ ఫోర్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను కూర్చోమన్నారు.

"ఇది రెండేళ్ళ అరుగుదల కాదు. ఇంతలా అరగాలంటే ఏళ్ళు పట్టుద్ది. నేనూ చెయ్యి రాడ్డు మీదే పెట్టుకుని నడిపేవాణ్ణి. షెడ్డుకొచ్చిన వాళ్ళందర్నీ తిట్టేవాణ్ణి, నేను మాత్రం మానలేదు" అన్నారు. ఫోర్కు పక్కన పెట్టి, "నిన్న చూడగానే తెలిసింది. చెప్పలేకపోయా" అన్నారు.

కాఫీ చల్లారిపోతోందని చెప్పాను. కానీ ఆయన అలా అన్నాక లోపల బిగుసుకున్నదేదో కొంచెం సడలింది. పక్షవాతం వచ్చాక ఆయన తన తప్పని ఒప్పుకోవడం అదే మొదటిసారి. అంతకుముందు అసలు ఏమీ అనేవారే కాదు.

తెనాలిలో ఆ ఫోర్కు దొరకలేదు. బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. స్టేషను దగ్గర పాత సామాన్ల కొట్టాయన నా చేతిలో ముక్క చూసి, ఎవరు విప్పారమ్మా అని అడిగాడు. నేనేనండి అన్నాను. నమ్మినట్టు లేదు. లోపల వెతికి అలాంటిదే మంచిది తెచ్చిచ్చాడు.

బిగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మొదటిసారి పెట్టె మూసి చేత్తో గేర్లు వేసి చూస్తే నాలుగోది పడలేదు. ఒక రింగు తిరగేసి పెట్టానట. మళ్ళీ విప్పాం. ఆయన విసుక్కోలేదు, నేనూ విసుక్కోలేదు, అందుకు కూడా శక్తి కావాలి. భాయిగారు వచ్చి మళ్ళీ పట్టుకున్నారు. గేర్ బాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటులోకి ఎక్కక గంటసేపు అవస్థపెట్టింది. ఆయన ప్యాంటు మడుచుకుని బండి కిందికి పాకి వచ్చి, నా పక్కనే పడుకుని, ఎడమచేత్తో గేర్ బాక్సు వెనక కొసన ఉన్న షాఫ్టును కొద్దిగా తిప్పారు. అది లోపలికి జారి కూర్చుంది. ఇద్దరం అలాగే కొంతసేపు బండి కింద పడుకుండిపోయాం. బయటికి రావాలంటే లేవాలి కదా.

కొత్త ఆయిల్ పోసి చుండూరు దాకా వెళ్ళొచ్చాం. మూడో గేరులో పదిసార్లు కాలు తీయమన్నారు. ఒక్కసారీ జారలేదు. సన్నటి కూత మాత్రం వినిపిస్తోంది. బేరింగుదని, ఈ ఏడాదికి ఏం కాదని చెప్పారు.

తర్వాతి వారం సరుకు వేసుకుని బాపట్ల బయల్దేరుతుంటే, తానూ వస్తానన్నారు. అంతవరకూ అడగలేదు, నేనూ రమ్మనలేదు. పొన్నూరు దాటేలోపే సీట్లో తల వాల్చి నిద్రపోయారు. కొట్ల దగ్గర లేపలేదు. సరుకు నేనే దించుకున్నాను.