ఎదురింటి సర్వర్ అడుగుతున్న మాట

మా ఎదురింటి ఆయన పోయారు. దవాఖాన నుంచి ఆయన భార్య ఫోన్ చేసేసరికి పొద్దున పదకొండు దాటి పది నిమిషాలు. మొయినాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా మా రెండు గేట్లూ ఎదురెదురుగా ఉన్నాయి. ఆయన గురించి నాకు తెలిసినంతే రాస్తాను, తెలియనిది కలపను.

కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. రిటైరయ్యాక మేడ మీది గదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, చుట్టుపక్కల వాళ్లు అడిగితే అందులో చోటిచ్చేవారు. దుమ్ము పడుతుందని ఆ గదిలోకి చెప్పులు విప్పే వెళ్లేవారు. ఒక్కొక్కరికి ఒక్కో హోమ్ డైరెక్టరీ, అంటే యంత్రంలో మన పేరు మీద ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక ఫోల్డర్ అరుగులాంటిది. అక్కడ పెట్టిన పేజీని ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు. లోపలి గదుల్లోవి మనకే.

అందరి అరుగులూ ఒక్క లైనుతో తెరిచేయవచ్చట. ఆయన అలా చేయలేదు. ముందు అన్నీ మూసి, ఇంటింటికీ వెళ్లి "మీ పేజీ తెరవమంటారా అండీ?" అని అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు మాత్రమే సెట్టింగుల ఫైల్లో రాసేవారు. పదకొండు పేర్లు. పాత లైను మార్చవలసి వస్తే చెరిపేవారు కాదు. దాని ముందు ఒక గుర్తు పెట్టి ఆపి, కింద కొత్తది రాసి, ఎందుకు మార్చారో పక్కన రాసేవారు. చేవెళ్ల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఆ పద్ధతి నచ్చింది. నేనూ ఒక ఇల్లు అడిగాను.

కనకమామిడిలో మా పొలం చుట్టూ పద్నాలుగు బావులు ఉన్నాయి. నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో నెలకొకసారి తాడు వేసి కొలిచి, ఇరవై ఏళ్లకు పైగా పుస్తకాల్లో రాశాను. బోరు ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి రైతులు వచ్చి ఆ లెక్క చూసుకునేవాళ్లు. దాన్ని పేజీగా పెట్టడం ఆయనే నేర్పారు. ఈ వయసులో నన్ను విద్యార్థిని చేసిన మనిషి ఆయన ఒక్కరే.

మొదటి రోజే నా పేజీ తెరుచుకోలేదు. అనుమతి లేదని వచ్చింది. ఎవరూ తొంగి చూడకూడదని నేను నా ఇంటికి అనుమతులన్నీ తీసేశాను.

"గేటుకే తాళం వేసేస్తే అరుగు మీదకి ఎలా వస్తారండీ టీచర్ గారూ? నడవనిస్తే చాలు, చూడనివ్వక్కర్లేదు."

"నడిచేటోడు చూడకుంట పోతడా?"

"ఇందులో పోతాడండీ. మనుషులకి లేని బుద్ధి దీనికుంది."

ఆయన చెప్పినట్టే నడవనిచ్చాను, పేజీ తెరుచుకుంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పెట్టెనే ఎవరైనా ఎత్తుకుపోతే ఎట్లా అని రోజూ అడిగాను. నా పోరు పడలేక డిస్కు మొత్తానికి తాళం వేశారు. యంత్రం ఆగి మళ్లీ మొదలైతే ఒక మాట, అదే పాస్‌వర్డ్, అడుగుతుంది. అది కొడితేనే లోపలివి తెరుచుకుంటాయి. ఆయన తీసి ఉంచే నకలుకూ అదే మాట.

ఆ మాట రాసిపెట్టుకోమని ఒకరోజు మా ఇంటికి వచ్చారు. తన దగ్గర కాగితాలు నిలవవనీ, నా పుస్తకంలో ఉంటే పోదనీ అన్నారు.

"ఒకరి తాళంచెవి నా పుస్తకంల రాయ. మీది మీరే యాదిపెట్టుకోండ్రి" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. చాయ్ తాగి, బావుల సంగతి అడిగి వెళ్లారు.

నేను చేసిన ఇంకో పని కూడా రాయాలి. కొలతలన్నీ పేజీలోకి ఎక్కించి, రెండుసార్లు సరిచూసి, పుస్తకాలను తగలబెట్టాను. ఒక లెక్క రెండు చోట్ల ఉంటే ఏదో ఒకరోజు రెండు లెక్కలవుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. నేనూ అదే పాటించాను.

ఆయన దవాఖానలో ఉన్న మూడు రోజులూ ఆ ఇంటికి తాళం. గాలివానకు కరెంటు పోయింది, యంత్రానికి పెట్టిన బ్యాటరీ కూడా అయిపోయింది. కరెంటు వచ్చాక యంత్రం లేచి, మాట కోసం ఆగిపోయింది. ఆయన పాత ఆఫీసు మిత్రుడు వచ్చి చూసి, మాట తెలియకుండా తెరవడం ఎవరి తరమూ కాదన్నారు.

దినాలు అయిన మరుసటి రోజు కనకమామిడి నుంచి మా పక్క పొలం ఆమె వచ్చింది. ఆమెకున్న రెండు బోర్లూ ఎండిపోయాయి.

"అవ్వా, నీ పేజీ ఫోన్ల వస్తలేదు. మా దిక్కు బాయిలల్ల పోయిన ఐదేండ్ల లెక్క జర చెప్పు. నీళ్లు ఏడ తక్కువ దిగినయో ఆడనే బోరు ఏపిస్త. రేపు బోరు బండి వస్తున్నది."

యాదికి లేదన్నాను.

"నీకే యాదికి లేకపోతే ఇంకెవర్ని అడగాలె?"

ఆ మాటలో కోపం లేదు. మరునాడు తనకు తోచిన చోట వేయించింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదని కబురు వచ్చింది.

నిన్న మధ్యాహ్నం ఎదురింటికి వెళ్లాను. ఆయన భార్య మేడ మీద ఆ యంత్రం ముందు కూర్చుని ఉంది. మొదట తన పేరే కొట్టిందట. యంత్రం కాదంది. పిల్లల పేర్లు, పుట్టిన ఊరు, పెళ్లి తేదీ కొట్టింది. ఏదీ కాదంది.

"ఇన్నేళ్లు కాపురం చేశానండీ టీచర్ గారూ. ఆయన మనసులో ఉన్న మాట ఒక్కటి తెలీదు నాకు. మీకేమైనా చెప్పారా?"

చెప్పడానికే వచ్చారనీ, నేనే వద్దన్నాననీ చెప్పాను. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. ఆయనకు ఇష్టమైన కూరల పేర్లు ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టింది. ఒక వేలితో అక్షరం వెతికి నొక్కుతున్నది. రహస్యంగా ఉంచవలసిన మాట కాబట్టి, ఆమె ఎన్ని నొక్కినా తెర మీద ఒక్క అక్షరమూ పడటం లేదు.