కుర్చీ వద్దన్న హజరత్

2015 జూన్‌లో నన్ను కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ చేశారు. ఒక ట్రస్టు నడిపే ఆస్పత్రులు మావి. కుప్పంలో ఎముకల విభాగంలో రెండో సర్జన్‌గా ఉన్నదాన్ని, మదనపల్లెలో ఆ విభాగానికి పెద్దనయ్యాను. పెద్దనయ్యానని ఆర్డరు చెప్పింది గానీ జనం అంత తొందరగా ఒప్పుకోలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, నన్ను చూసి, "పెద్ద డాక్టరు యాడుండాడమ్మా?" అని అడిగేవాళ్ళు. ఎముకల డాక్టరంటే కండలు తిరిగిన మగవాడై ఉండాలని వాళ్ళ లెక్క. "నేనేనప్పా, కూర్చో" అనేదాన్ని. కొందరు కూర్చునేవాళ్ళు, కొందరు ఇంకోసారి వస్తామని వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళు పోయాక "ఎముకల డాక్టరమ్మ" అనే పేరు పడింది. అప్పటి నుంచి ఆ గొడవ లేదు.

బుధవారాలు పుంగనూరులో మా చిన్న క్లినిక్‌లో ఓపీ చూసేదాన్ని. ఖాదర్ బాషా నాకు అక్కడే పరిచయం. వయసు నలభై ఆరు. బజారు వీధిలో టైలరు. ఊరంతా ఆయన్ని హజరత్ అనే పిలిచేది. అక్కడి ఒక చిన్న మసీదులో రోజూ నమాజు చదివించేది, అంటే ముందు నిలబడి జనం చేత ప్రార్థన చేయించేది ఆయనే. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. వెంట భార్య షంషాద్, బెంగుళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు ఉన్నారు.

ఎక్స్‌రే చూడగానే సంగతి అర్థమైంది. ఆయాసానికని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగాడు. వాటివల్ల కొందరికి తుంటి కీలులో తొడ ఎముక తలకు రక్తం అందడం ఆగిపోతుంది. రక్తం అందని ఎముక చచ్చిపోయి, పైన పడే బరువుకు కుంగిపోతుంది. ఆయన తుంటిలో బంతిలా గుండ్రంగా ఉండవలసిన తల ఒకవైపు చప్పిడి అయిపోయి ఉంది. మందులతో తగ్గే దశ దాటిపోయింది. ఆపరేషన్ తప్పదని చెప్పాను.

నేను ఇంకేమీ చెప్పకముందే మేనల్లుడు ఫోను తీసి నా ముందు పెట్టాడు. అందులో ఒక విదేశీయుడు, ఆపరేషన్ అయిన తుంటితో, పరుగెత్తుతున్నాడు. "ఈ టోపీ ఆపరేషన్ చెయ్యండి మేడం. ఎముక కోసి పారేసేది వొద్దు," అన్నాడు. ఫోన్లో వైద్యం నేర్చుకుని వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అయినా అతను అడిగింది పనికిమాలిన ప్రశ్న కాదు.

తుంటి మార్పిడిలో రెండు దారులున్నాయి. పూర్తి మార్పిడిలో తొడ ఎముక తలను కోసి తీసేస్తాం. ఎముక బోలులోకి ఒక లోహపు కాడ దించి, దాని కొసకు కొత్త బంతి తగిలిస్తాం. కటి ఎముకలో ఒక గిన్నె బిగిస్తాం. బంతి ఆ గిన్నెలో తిరుగుతుంది. రెండోది రీసర్ఫేసింగ్. అందులో తలను కొయ్యం, పైపైన చెక్కి దానికి లోహపు టోపీ తొడుగుతాం. సొంత ఎముక మిగులుతుంది, బంతి పెద్దదిగా ఉంటుంది కాబట్టి కీలు జారే భయం తక్కువ. వయసులో ఉన్న, ఎముక గట్టిగా ఉన్న మగవాళ్ళకు ఒకప్పుడు బాగా చేసేవాళ్ళం. తర్వాత లోహం మీద లోహం రాసుకుని వచ్చే పొడి కొందరి ఒంట్లో తంటాలు తెచ్చిందని తెలిసి, మాలో చాలామందిమి వెనక్కి తగ్గాం. అన్నిటికంటే ముఖ్యం, టోపీ నిలవాలంటే కింద ఉన్న తల గట్టిగా ఉండాలి. హజరత్‌కు ఎమ్మారై తీయిస్తే తలలో సగానికి పైగా చచ్చిన ఎముకే కనిపించింది. చెమ్మెక్కి ఉబ్బిన గోడకు సున్నం కొడితే ఎన్నాళ్ళుంటుంది? ఈ టోపీ కూడా అంతే.

కాబట్టి పూర్తి మార్పిడే చేస్తానన్నాను. దాని పథ్యాలూ చెప్పాను. నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, కమోడే వాడాలి. తుంటి మరీ వంగి, దానికి తోడు కాలు లోపలికి తిరిగితే బంతి గిన్నెలోంచి జారుతుంది. హజరత్ తల పంకిస్తూ అన్నిటికీ "అట్లేనమ్మా" అన్నాడు.

తర్వాతి బుధవారం మళ్ళీ వచ్చాడు. టోపీ ఆపరేషన్‌కు ఏమన్నా వీలుందా అని అడిగాడు. లేదన్నాను. "అట్లేనమ్మా" అని వెళ్ళాడు. ఇంకో వారం పోయాక మళ్ళీ అదే ప్రశ్న. నాకు ఓర్పు తక్కువ. "ఏం హజరత్, పరుగు పందేనికి పోతారా ఏమన్నా? కుట్టుమిషను కుర్చీలో కూర్చునే కదా తొక్కేది?" అన్నాను. ఆయన నవ్వేశాడు. "అవునమ్మా, కుర్చీలోనే," అన్నాడు.

నమాజు సంగతి నాకు తట్టకపోలేదు. మా ల్యాబ్ టెక్నీషియన్ రఫీని పిలిచి అడిగాను. ఒంట్లో బాగాలేనివాళ్ళు కుర్చీలో కూర్చుని చదువుకోవచ్చని, అందులో తప్పేమీ లేదని అతను చెప్పాడు. ఆ మాటే హజరత్‌తో అన్నాను. "అవునమ్మా, చదవొచ్చు," అన్నాడాయన. ఇంకేముంది, అడ్డు తొలగిందనుకుని మదనపల్లెలో ఆపరేషన్‌కు రోజు పెట్టేశాం.

అడ్మిట్ అయిన రోజు మధ్యాహ్నం వార్డు రౌండుకు వెళ్తుంటే షంషాద్ వరండాలో నా దారికి అడ్డంగా నిలబడింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతు లేచింది.

"ఆయన చెప్పడు డాక్టరమ్మా, నేను చెప్తా. కుర్చీలో కూర్చుంటే ఆయన నమాజు చదవొచ్చు గానీ చదివించేదానికి లేదు. నేలకు తల ఆనించి సజ్దా చేసేవోళ్ళకు, చెయ్యలేనోడు ముందర నిలబడేదానికి మా దాంట్లో ఒప్పుకోరు. ఈ ఆపరేషన్ అయితే ఆయన ఎనక వరసలోకి పోవాల్సిందే. ఇన్నాళ్ళూ ఆ నొప్పితోనే సజ్దా చేస్తా ఉండాడు. ఇంటికొచ్చి గోడ పట్టుకోని ఏడుస్తా ఉండాడు."

నేను రఫీని పిలిపించి, నువ్వు చెప్పిందేమిటి, ఈమె చెప్పేదేమిటి అని నిలదీశాను. "నేను చదివేదాని గురించి చెప్పినా మేడం. చదివించేదాని గురించి మీరు అడగలేదు కదా," అన్నాడు. అడగలేదు, నిజమే. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో రోగిని నువ్వేం పని చేస్తావని అడిగాను గానీ, ఆ పనిలో నీ చోటు ఏది అని ఎవరినీ అడిగి ఎరగను.

హజరత్ మంచం దగ్గరికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు పెద్దోళ్ళు, ఆలోచించే చెప్తాండారు. నా కోసరం మీరు తప్పు ఆపరేషన్ చేస్తే ఎట్ల? దానికే టోపీకి వీలుందా అని మాత్రం అడుగుతా వచ్చినా."

"వీలు లేదని చెప్పినా మళ్ళా మళ్ళా అడిగినారే?"

"మనసు ఒప్పుకోలేదమ్మా. మా నాయన నిలబడిన చోటు అది. టైలరు పని ఎవరైనా చేస్తారు."

అంతలో ఇంకో మాట అన్నాడు. టోపీయే వెయ్యండి, రెండేళ్ళు నిలిచినా చాలు, ఆ రెండేళ్ళూ చదివిస్తాను, తర్వాత ఏమైతే అది అవుతుంది అని. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. జాలే ఎక్కువ. కానీ కుంగిపోతుందని తెలిసి తెలిసి ఆ ఎముకకు టోపీ తొడగడం నా చేత్తో చెయ్యనని కచ్చితంగా చెప్పాను. మర్నాటి ఆపరేషన్ మాత్రం వాయిదా వేశాను.

మరుసటి రోజు ఫిజియోథెరపీ గదిలో చాప పరిపించాను. మా ఫిజియోథెరపిస్టు సరళ కోణాలు కొలిచే పరికరంతో సిద్ధంగా ఉంది. హజరత్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే రఫీ నమాజులోని ఒక్కో భంగిమ మా ముందు చేశాడు. నిలబడి నడుము వంచడం, మోకాళ్ళ మీద దిగడం, నుదురు నేలకు ఆనించడం, మడమల మీద కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఎక్కడికక్కడ ఆపి కొలిచాం. రఫీ కాస్త వేగంగా కానిచ్చేస్తుంటే హజరత్ ఊరుకోలేదు. "నిదానం నాయనా, మోచేతులు నేలకు ఆనించొద్దు, నడుము ఇంగా పైకి," అని దిద్దాడు. నొప్పి మరిచిపోయి ఆయన హుషారుగా ఉండటం అప్పుడే మొదటిసారి చూశాను.

మాకు తేలింది ఇది. సజ్దాలో తుంటి బాగానే వంగుతుంది గానీ, తొడలు ఎడంగా ఉంటాయి, కాలు లోపలికి పెద్దగా మెలి తిరగదు. కీలును జార్చేది వంపూ మెలీ కలిసినప్పుడు. ఇక్కడ వంపు ఉంది, మెలి తక్కువ. అసలు ప్రమాదం కిందికి దిగేటప్పుడు, పైకి లేచేటప్పుడు అదుపు తప్పడంలో ఉంది. అది నేర్పితే వచ్చే విద్య.

పూర్తి మార్పిడిలోనే జారడం తక్కువగా ఉండే ఒక రకం కీలు ఉంది. అందులో చిన్న బంతి ఒక పెద్ద ప్లాస్టిక్ బంతిలో తిరుగుతుంది. ఆ పెద్ద బంతి మళ్ళీ లోహపు గిన్నెలో తిరుగుతుంది. అంటే తిరుగుడు రెండు చోట్ల. మేం దాన్ని సాధారణంగా ముసలివాళ్ళకు, ఒకసారి జారినవాళ్ళకు వాడేవాళ్ళం. హజరత్ వయసువాడికి వాడితే ఆ ప్లాస్టిక్ ఎన్నాళ్ళకు అరుగుతుందో నేను చెప్పలేను. ఆ మాట దాచకుండా ఆయనకూ షంషాద్‌కూ చెప్పాను. సజ్దాకు వీలవుతుందని మాట ఇవ్వనని, చేసినా ఎప్పుడైనా జారొచ్చని, జారితే ఇక జన్మంతా కుర్చీయేనని చెప్పాను. మామూలు కీలు వేయించుకుని మొదటి నుంచీ కుర్చీలోనే చదువుకుంటే ఆ భయం చాలావరకు ఉండదనీ చెప్పాను. ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నాను.

ఆయన ఎక్కువసేపు తీసుకోలేదు. "జారినాక కూర్చోమంటే ఎనక వరసలో కూర్చుంటానమ్మా, ఏమీ అనుకోను. జారకముందే కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు," అన్నాడు. షంషాద్ నా వైపు చూసి, రాసుకోండి అన్నట్టు తల ఊపింది.

ఆపరేషన్ మామూలుగానే జరిగింది. తుంటికి వెనకవైపు కోత పెట్టి కీలు దాకా వెళ్ళాం. తొడ ఎముక తల కోసి బయటికి తీశాక, దాని మీది నునుపు పొర, అంటే మృదులాస్థి, ఉడికిన టమోటా తొక్కలా వేలికి ఊడి వచ్చింది. కింద ఎముక పొడిపొడిగా ఉంది. టోపీ వేసి ఉంటే ఏ గతి పట్టేదో మా థియేటర్లో ఉన్న అందరికీ అర్థమైంది. కీలు బిగించాక, ఆయన ఇంకా మత్తులో ఉండగానే, ఆ కాలిని సజ్దా భంగిమకు వంచి చూశాను. సాధారణంగా అంత వంచం. కీలు కదలకుండా నిలిచింది. వెనకాల కండరాలను ఎప్పటికంటే శ్రద్ధగా ఎముకకు తిరిగి కుట్టాను.

తర్వాతి నెలలు ఆయనకు కష్టంగా గడిచాయి. మసీదులో ఇంకొకాయన చదివిస్తుంటే హజరత్ వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చినప్పుడల్లా "ఇంగా ఎన్నాళ్ళమ్మా?" అనేవాడు. కండరాలు పూర్తిగా అతుక్కున్నాయని నాకు నమ్మకం కుదిరేదాకా కసిరి పంపించాను. సరళ మాత్రం ఓపికగా, మంచి కాలు ముందు పెట్టి, చెయ్యి ఆనించి దిగడం, లేవడం నేర్పింది.

చివరికి ఆ రోజు వచ్చింది. అదే గది, అదే చాప. ఆయన దిగాడు. నుదురు నేలకు ఆనించాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఎంతకీ లేవడు. కీలు జారిందేమో అనుకున్నాను. "హజరత్, లెయ్యండి, నొప్పి ఏమన్నా ఉండాదా?" అంటూ వంగబోతే షంషాద్ నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి కాదమ్మా. కొంచేపు ఉండనీ," అంది. కాసేపటికి సరళ నేర్పిన పద్ధతిలోనే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, నమాజు మధ్యలో మీరు మాట్లాడిస్తే ధ్యాస తప్పింది, మళ్ళా మొదటి నుంచి చదవాల అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు కూడా.

నేను రిటైరయ్యే నాటికి ఆయన మసీదులో అందరికీ ముందు నిలబడి చదివిస్తూనే ఉన్నాడు. ఆ కీలు ఎన్నాళ్ళుంటుందో అప్పటికీ నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఈ కేసు తర్వాత తుంటి రోగుల దగ్గర నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. టోపీయా, పూర్తి మార్పిడా అన్నది ఎముకను చూసి నేను తేల్చగలను. ఆ కీలుతో మనిషి ఎక్కడ నిలబడాలనుకుంటున్నాడో ఎక్స్‌రేలో కనబడదు. అది అడిగి తెలుసుకోవాలి. "అట్లేనమ్మా" అంటే, ఇంకోసారి అడగాలి.