పెద్దమ్మ దుంప తెగింది

మా పెద్దమ్మ నోరు తెరిస్తే ముందు వచ్చేది "నీ దుంప తెగ". అసలు విషయం తర్వాత వస్తుంది. దారం తెగితే కుట్టుమిషన్‌ని అంటుంది. కొలతలిచ్చి వెళ్ళి, గౌను తయారయ్యేలోపు లావైపోయి వచ్చినావిణ్ణి "నీ దుంప తెగ, ఇలా పెరుగుతూ పోతే నేనెక్కడ కుట్టను తల్లీ" అంటుంది. నేను పరీక్ష పాసైన రోజు నా బుగ్గ ఎర్రబడేలా గిల్లి "నీ దుంప తెగ, సాధించావే" అంది. అది తిట్టో ముద్దో తెలియాలంటే ఆవిడ కనుబొమలు చూడాలి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఉందంటే అవి కూడా కనపడవు. ఇక మన ఖర్మ.

పెద్దమ్మ దర్జీ. వీధి గదిలో మిషను, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, మేకులకి వేలాడే ప్యాంట్లు, యూనిఫారాలు. ఎంత ఖరీదైన గుడ్డయినా బల్ల మీద పరిచి, సుద్దతో నాలుగు గీతలు గీసి కరకరా కోసేస్తుంది. గుడ్డ ఇచ్చినావిడ గుండెలు పట్టుకుని చూస్తూ ఉంటుంది. "గుడ్డని చూసి భయపడితే జేబురుమాలు కూడా కుట్టలేం" అని పెద్దమ్మ ఇంకాస్త గట్టిగా కోస్తుంది.

పెదనాన్నదీ కోత పనే. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను ఆయనది. పగలంతా కాగితాలు కోసి, సాయంత్రం ఇంటికొచ్చి మాకు కోతలు కోసేవాడు. తను ఒక్కరోజు రాకపోతే ప్రెస్సు మూతేనట. ఓనరు తనని అడక్కుండా టీ కూడా తాగడట. మేం గుడ్లప్పగించి వినేవాళ్ళం, పెద్దమ్మ మాత్రం "ఆ ఓనరు నిన్న ఈయన్ని పట్టుకుని తిట్టాడు, కుట్టిన బట్టలివ్వడానికెళ్ళి నేనే విన్నా" అని గాలి తీసేసేది.

ఒకే ఇంట్లో పక్కపక్కనే రెండు వాటాలు. ఒకటి వాళ్ళది, ఒకటి మాది. మధ్యలో గోడ ఉంది కానీ ఏం లాభం? పెద్దమ్మ తుమ్మితే "చన్నీళ్ళతో తలస్నానం వద్దంటే వినవు" అని మా అమ్మ ఇటు నుంచి కేకేసేది. పెరడు మాత్రం ఉమ్మడి. అందులో కుళాయి, బట్టలారేసే తీగ, ఆ రెంటికీ మధ్య డాలియా మొక్క.

ఆ డాలియా మా అమ్మమ్మది. మంచం పట్టినప్పుడు దుంప తవ్వించి పెద్దమ్మ చేతిలో పెట్టి, "ఇద్దరూ పంచుకోండి" అందట. పెద్దమ్మ లెక్కలో పంచుకోవడం అంటే ఏమిటయ్యా అంటే, మొక్క తనది, చూడ్డం చెల్లెలిది. మా అమ్మ వంటింటి కిటికీలోంచి చూసేది. చూసిందని మళ్ళీ పెద్దమ్మ ఒకటే సంబరం, "చూశావా, చూశావా" అంటూ.

పువ్వు మాత్రం పువ్వే. నల్లగా కనిపించేంత ఎరుపు. రేకు రేకుకీ చివర సన్నటి తెలుపు, పెద్దమ్మే కూర్చుని పైపింగు వేసినట్టు. దానికి ఆవిడ చేసే ఊడిగం చూస్తే పెదనాన్నకి కడుపు మండేది. మొక్క వంగకుండా కర్ర పాతి, కత్తిరించగా మిగిలిన పీలికలతో కట్టేది. పక్క మొగ్గలు గిల్లేసి నడి మొగ్గ ఒక్కటీ ఉంచేది. పొద్దున్నే నత్తల్ని ఏరుతూ ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా దుంప తెంచేది. పూలయిపోయి మొక్క ఎండాక దుంప తవ్వి, మట్టి దులిపి, ఇసుక పోసిన పాత చెక్కపెట్టెలో పెట్టి బల్ల కింద దాచేది. మళ్ళీ అదను రాగానే నాటేది.

అయితే ఏటికేడాది పువ్వు చిన్నదవుతూ వచ్చింది. ప్లేటంత పూసేది కాస్తా టీకప్పు సాసరంత అయింది, ఆఖరికి నిమ్మకాయంత. లోపల దుంప మీద దుంప ఊరి ఇరుక్కుపోయింది. విడదీసి నాటాలి. ఆ సంగతి పెద్దమ్మకి తెలియక కాదు. ఏటా చాకు తెచ్చుకుని కూర్చునేది, దుంపని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇప్పుడు కాదులే" అని లేచిపోయేది. పట్టుగుడ్డని కళ్ళు మూసుకుని కోసే మనిషికి ఆ మట్టిదుంప దగ్గర చెయ్యి ఆడేది కాదు. "అమ్మ తన చేత్తో పెట్టింది. కోశాక చచ్చిందంటే మళ్ళీ ఎక్కణ్ణుంచి తేను?" అనేది.

ఇలా ఉండగా మా నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. వేరే ఊళ్ళో పని దొరికింది. సామాను సర్దుతూ సర్దుతూ అమ్మ మధ్యలో లేచి పక్కవాటాలోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"అక్కా, దుంపలో సగం నాకియ్యి, తీసుకెళ్తా" అంది అమ్మ.

"సగమా? అదేమన్నా కేకు ముక్కా? కోస్తే చస్తుంది."

"చావదు. అందరూ కోసే నాటుకుంటారు."

"అందరి దుంపలూ వేరు, ఇది వేరు."

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుందంటే నాన్న కూడా పేపరు మడిచి బయటికెళ్ళిపోతాడు. "అవును మరి. ఊళ్ళో అందరి దుంపా తెగాలి, నీ దుంప మాత్రం తెగకూడదు. అంతేగా?" అంది.

పెద్దమ్మ మిషను ముందు కూర్చుని, సూదిలో దారం లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది.

అమ్మ ఇంటికొచ్చి గిన్నెలు విసిరేస్తూ సర్దింది. "చిన్నప్పట్నుంచీ ఇంతే. కొత్త గౌను అక్కకి, అక్క విడిచింది నాకు. కిటికీ పక్క మంచం అక్కకి, తలుపు కొట్టుకునే మంచం నాకు. అమ్మ ఇద్దరికీ ఇచ్చిన దుంప కూడా అక్కకే!" నాకే ఏడుపొచ్చేలా ఉంది, గిన్నెలకి రాలేదంటే అవి గిన్నెలు కాబట్టి.

ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. కబుర్లు మోసే పని పెదనాన్న మీద పడింది. అమ్మ "బావా, బట్టల తీగ నాది, విప్పుకుపోతానని చెప్పండి" అంటే, ఆయన అటు వెళ్ళి "నిన్ను తలుచుకుని కుళ్ళికుళ్ళి ఏడుస్తోందే" అని చెప్పేవాడు. పెద్దమ్మ "ఏడవనివ్వండి" అంటే, ఇటు వచ్చి "నీకోసం అన్నం మానేసిందమ్మాయ్" అనేవాడు. అన్నం మానేసిన మనిషి గోడవతల కంచం గీకుతున్న చప్పుడు మాకు వినపడుతూనే ఉండేది.

కబుర్లతో పనయ్యేలా లేదని ఆయనే రంగంలోకి దిగాడు. లారీ వచ్చే రోజు పొద్దున పెద్దమ్మ గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళింది. ఈయన పెట్టె బయటికి లాగి, దుంపని బల్ల మీద పెట్టి, ఒక కన్ను మూసి, గురి చూసి, ప్రెస్సులో కాగితాల కట్ట కోసినట్టు సరిగ్గా నడిమికి ఒక్క వేటు వేశాడు. ఇదీ, ఆ తర్వాత జరిగిందీ చాన్నాళ్ళకి ఆయన నాకు చెప్పిందే. అందులో కోతలు తీసేసి మిగిలింది చెప్తున్నా.

పెద్దమ్మ వచ్చి చూసింది. మొగుడు కదా, అంత కోపంలోనూ మర్యాద తప్పలేదు. "మీ దుంప తెగ!" అంది.

"తెగిందే! సరిగ్గా సగం!" అన్నాడు ఈయన, మెచ్చుకుంటుందేమోనని.

పెద్దమ్మ కళ్ళద్దాలు దించుకుని రెండు ముక్కలూ తిప్పితిప్పి చూసి కుర్చీలో కూలబడింది. పెదనాన్న దాన్ని బంగాళాదుంప అనుకున్నాడు. బంగాళాదుంపకైతే ఒళ్ళంతా కళ్ళే, ఎక్కడ కోసినా మొలుస్తుంది. డాలియాకి అలా కాదు. దుంప మెడ దగ్గర, కాడని అంటుకుని ఉంటుంది కన్ను, గుండుసూది తలకాయంత. ఆ కన్ను లేని దుంప ఎంత బలిసినా మొలకెత్తదు, గుడ్డిది. ఈయన వేసిన వేటుకి బలిసిన దుంపలన్నీ ఒకవైపు వచ్చాయి, ఒక్కదానికీ కన్ను లేదు. రెండోవైపు ఎండిన కాడ, దానికి ఎలుక తోకల్లాంటి రెండు వేలాడే దుంపలు, ఒకే ఒక్క కన్ను.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు పెదనాన్న, ఈసారి గొంతు తగ్గించి.

"మీరు నోరు మూసుకోండి. అది పెద్ద పని" అంది పెద్దమ్మ.

లారీ వచ్చింది. సామాను ఎక్కించాక అమ్మ ఉండబట్టలేక పక్కవాటా గుమ్మంలో నిలబడింది. బల్ల మీద రెండు ముక్కలు కనపడగానే అమ్మ మొహం విచ్చుకుంది. కోపం, గిన్నెలు, మంచాలు, అన్నీ మర్చిపోయి గబగబా వచ్చి బలిసిన ముక్క మీద చెయ్యి వేసింది. పెద్దమ్మ ఆ ముక్క లాక్కుని ఎలుక తోకల ముక్కని ముందుకి తోసింది.

"ఇదే నీది."

"ఈ ఒక్కసారైనా పెద్ద వాటా నాకియ్యక్కా" అంది అమ్మ.

"ఇష్టముంటే తీసుకో, లేకపోతే మానెయ్."

పెదనాన్న ఏదో అనబోయాడు. పెద్దమ్మ కత్తెర వైపు చూసింది. ఆయన ఆగిపోయాడు. అమ్మ ఆ ముక్కని ప్లాస్టిక్ సంచిలో కుక్కుకుని వెళ్ళొస్తానని కూడా అనకుండా లారీ ఎక్కింది. నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ వీధిలోకి రాలేదు.

లారీ వెళ్ళాక పెదనాన్న అడిగాడట, నిజం చెప్పొచ్చుగా అని. "చెప్తే తీసుకుంటుందా? నువ్వే ఉంచుకో అని అదేడుస్తుంది, వద్దని నేనేడుస్తా, లారీవాడు మా ఇద్దర్నీ తిట్టుకుంటాడు. ఇన్నాళ్ళూ నేనేగా చూసుకుంది, ఇక దాన్ని చూసుకోనివ్వండి" అందట.

కొత్త ఊళ్ళో అమ్మ ఆ దుంపని పగిలిన బకెట్లో పాతిపెట్టింది. "చావనీ, అక్క పడేసిన ముష్టి" అంటూనే బకెట్‌ని ఎండ ఎటుంటే అటు ఈడ్చేది. దానికి మొలకొచ్చింది, మొక్కయింది. ఒకరోజు పొద్దున్నే అమ్మ కేకకి నేను మంచం మీంచి పడ్డంత పనయింది. ప్లేటంత పువ్వు. అదే నల్లెరుపు, అదే తెల్లంచు.

అమ్మ ఆగుతుందా? పెద్దమ్మకి ఫోన్. మా స్టూలు మీ ఇంట్లో ఉండిపోయిందా అని మొదలుపెట్టి, అక్కణ్ణుంచి డొంకతిరుగుడుగా డాలియాకొచ్చింది. "నువ్విచ్చిన ఎలుక తోక ప్లేటంత పూసిందిలే. నీది ఎలా ఉందేం?"

"నాదా?" అంది పెద్దమ్మ. "బట్టలకొచ్చినవాళ్ళు పెరట్లోకెళ్ళి మరీ చూస్తున్నారు."

అమ్మ మొహం మాడిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ పువ్వు ఇంకాస్త పెరిగేది. పళ్ళెమంత అయింది, ఆనక జల్లెడంత. పెదనాన్న కోతలు ఆవిడకెప్పుడు అంటుకున్నాయో మరి.

పూలయిపోయాక అమ్మ బకెట్ బోర్లించింది. ఎలుక తోక కాస్తా చంటిపిల్లంత గుత్తి అయింది. "పద, దీన్ని తీసుకెళ్ళి అక్క మొహాన కొడదాం" అని దాన్ని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. చెప్పాపెట్టకుండా వెళ్ళి దిగాం. వీధి గదిలో మిషను ఆడుతోంది. అమ్మ పలకరించనైనా లేదు, నేరుగా పెరట్లోకి నడిచింది.

కుళాయికీ తీగకీ మధ్య కర్ర పాతి ఉంది. కర్రకి పీలికలు కట్టి ఉన్నాయి, మధ్యలో మాత్రం ఏమీ లేదు. మట్టి తడిగా ఉంది, అప్పుడే నీళ్ళు పోసినట్టు.

"మొక్కేది బావా?" అంది అమ్మ.

అన్నాళ్ళుగా నోరు కట్టుకున్న మనిషి పెదనాన్న. కట్ట తెగింది. వేటు, కన్ను, గుడ్డి దుంపలు, మొత్తం చెప్పేశాడు. జీవితంలో మొదటిసారి ఒక్క కోత కూడా లేకుండా చెప్పాడు కాబోలు, అందుకే అమ్మ నమ్మలేదు. కూర్చుని చేత్తో మట్టి తవ్వింది. బలిసిన దుంపలు బయటపడ్డాయి. కుళ్ళలేదు, మొలవలేదు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

వెనకాల పెద్దమ్మ వచ్చి నిలబడింది, మెడలో టేపు.

"గుడ్డివని తెలిసే నీళ్ళు పోశావా?" అంది అమ్మ.

"తెలిసే. పొద్దున్నే చెంబు పట్టుకోకపోతే చేతులు ఊరుకోవడంలేదే, ఏం చెయ్యను?"

అమ్మ మట్టి చేతులతోనే లేచింది. ఏడుస్తోంది, అరుస్తోంది. "నీ దుంప తెగ, అక్కా!" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్కని ఆ మాట అనడం అదే మొదలు. పెద్దమ్మ చెల్లెలి భుజం పట్టుకుని తనూ ఏడ్చింది. పెదనాన్న నా వైపు చూసి "నేను కోశాను కాబట్టే గదా" అని మొదలుపెట్టాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి అమ్మ తువ్వాలు విప్పి గుత్తిని కత్తిరింపు బల్ల మీద పెట్టింది, ఎవరిదో ప్యాంటు గుడ్డ మీదే. చాకు అక్క చేతిలో పెట్టింది. "కొయ్యి."

"నువ్వే కొయ్యవే."

"నాకు కళ్ళు కనిపెట్టడం చేతకాదు. కొయ్యి."

పెద్దమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. దుంప మెడ చుట్టూ బొటనవేలితో తడిమింది. ఒక కన్ను, ఇంకో కన్ను, ఇంకొకటి. "అమ్మా" అంది, పక్కనున్న ఎవరినీ కాదు, వాళ్ళమ్మని. కరుక్కున కోసింది.

రెండు ముక్కలయ్యాయి. ఎంత చూసి కోసినా ఒకటి లావుగా, ఒకటి బక్కగా వచ్చాయి. పెద్దమ్మ లావుది చెల్లెలి వైపు తోసేలోపే అమ్మ బక్కదాన్ని లాక్కుని తువ్వాల్లో చుట్టేసింది.

"ఇదే నాది" అంది.

"నీ దుంప తెగ, ఆగవే! దానికి కన్నుందో లేదో చూడనియ్యి!"

అమ్మ మూట గుండెకి అదుముకుని గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

"ఉంటే పూస్తుంది. లేకపోతే నేనూ రోజూ నీళ్ళు పోస్తాలే."